రాసీ రాయనట్టు

ముందు చక్రం ఊడదీసినా
డ్రమ్ము ఊడిరాలేదు.
ఎవరి గోడౌన్లోనో పావురాల రెట్ట కింద
ముప్పై ఏళ్లు పడుకున్న ఫోర్డు.
సన్యాసిరాజు గారు దాని టాపు కోయించి
లారీ ఇంజను కూర్చోబెట్టి
కుంకుమరంగు కొట్టించి తెచ్చారు.
బొబ్బిలిలో, రాజాం రోడ్డు మీద ఆగినవాళ్లందరూ
"ఎంత స్పీడెల్తాదండీ" అనే అడిగారు.
"ఎలాగ ఆగుతాది" అన్నవాడు
తవిటయ్య ఒక్కడే.

చెక్క సుత్తితో డ్రమ్ము చుట్టూ తట్టాడు,
నిద్రలో ఉన్నవాణ్ణి భుజం మీద లేపినట్టు.
ఊడొచ్చాక తాడుకి వేలాడదీసి
స్పానరుతో ఒక్క దెబ్బ.
ఖంగుమంది. మోత షెడ్డు చివరిదాకా వెళ్లి వచ్చింది.
రెండో డ్రమ్ము డొక్కుమని ఊరుకుంది.
"పగిలిపోనాది. కంటికవుపడదు. పారీ."
వాళ్ల నాన్న గుండెకి రేకు గుళ్లు కట్టుకుని
తప్పెటగుళ్ల దళంలో గెంతినవాడు.
గుళ్లు బాకీల్లో పోయాయి,
చెవి మాత్రం కొడుక్కి మిగిలింది.

నాకప్పుడు పదిహేడు.
ఇంటరు తప్పి, రాత బాగుందని
బాకీల పుస్తకం రాయడానికి చేరి
గ్రీజులో పడ్డవాణ్ణి.
"ఆ బూడిద ఊదకురా, ఊపిరికి పడదు, తడిగుడ్డెట్టు.
లైనింగు పొట్టిది ముందుకి, పొడుగుది ఎనక్కి."
ఎడమవైపు తను కట్టాడు. కుడివైపు నాకొదిలాడు.
పటకారు జారి స్ప్రింగు ఎగిరితే
ఎదురు బడ్డీలో జంతికల సీసాల మధ్య
అరగంట వెతికాం.

తర్వాత నేను సీట్లో, తను కింద.
"తొక్కు."
"పట్టు."
"ఒగ్గు."
దగ్గుమందు సీసాలోకి పైపు, పైపులో బుడగలు.
ఇనుముకి కూడా గాలి పట్టేస్తుందని
ఆ రోజే తెలిసింది.
పెడలు మెత్తగా ఉన్నంతసేపూ అవే మూడు మాటలు.
పాదం కింద అది గట్టిపడేసరికి
షెడ్డులో దీపం వేశారు.

చివరికి పళ్లచక్రం.
వెనక రేకు కన్నంలోంచి స్క్రూడ్రైవరు దూర్చి
టిక్కు, టిక్కు, టిక్కు,
చక్రం కదలనని మొరాయించేదాకా బిగించి
మళ్లీ ఒక్కో టిక్కూ వదిలాడు.
టైరుకి చెవి ఆనించి తిప్పాడు.
లోపల ఎక్కడో సుర్రుమని
ఎండుటాకు ఈడ్చినంత.
"బిగిస్తే కాలిపోతాది. ఒగ్గేస్తే సంపేస్తాది.
రాసీ రాయనట్టుండాల."

తెల్లారి గ్రోత్ సెంటర్లో
మూతపడ్డ ఫ్యాక్టరీల మధ్య ఖాళీ రోడ్డు.
తవిటయ్య తన క్యారేజీని నడిమధ్యన పెట్టి
"దీని ముందర ఆపండి బావూ" అన్నాడు.
రాజుగారు తొక్కారు.
బండి ఎడమకి లాగేసి, తోక తిప్పి
ఆగేలోపు
చోడి అంబలి తారు మీద పారింది.

ఒక్క మాటనలేదు.
అక్కడే జాకీ ఎత్తి కుడి డ్రమ్ము తీశాడు.
పొడుగుది ముందు, పొట్టిది వెనక.
నేను కట్టినట్టే, అద్దంలో చూసినట్టు.
నా వైపు కూడా చూడలేదు.
చెమట నా కళ్లలోకే కారింది.
మళ్లీ స్ప్రింగులు. మళ్లీ టిక్కులు.
ఈసారి టైరుకి చెవి ఆనించింది నేను.

ఎండ నెత్తికెక్కాక రెండోసారి.
సొట్టపోయిన క్యారేజీ పక్కన పెట్టేసి
నా క్యారేజీ తీసుకెళ్లి
రోడ్డు మధ్యన పెట్టాడు.
కుంకుమరంగు ముక్కు సూటిగా వస్తోంది.
నేను కళ్లు మూసుకోలేదు గానీ
ఏం చూశానో చెప్పలేను.
ఆగాక వెళ్లి చూస్తే
బంపరుకీ మూతకీ మధ్య
రెండు వేళ్లు దూరాయి.

అన్నం సగం తను తిన్నాడు.
వంకాయ కూర మొత్తం తనే తిన్నాడు.
సాయంత్రం బాకీల పుస్తకం తెరిచి
"ఇవాల్టి రెండోపూట కూలి
ఎవరి పేర రాయమంటావు?" అన్నాను.
చేతులకి కిరసనాయిలు రాసుకుంటున్నాడు.
"రాయకు" అన్నాడు.