మధ్య మీట

బెర్గెన్‌లో ఆ రోజూ వానే.
సముద్ర పరిశోధనశాల రెండో అంతస్తు,
చేపల పెట్టె బరువున్న మానిటర్,
పక్కన మూడు మీటల మౌస్.

ఎడమది మాటను పట్టుకుంటుంది,
కుడిది ఎంతవరకో చెబుతుంది,
అతికించేది మధ్యది.
గుడ్రున్‌కి మధ్యవేలు లేదు.
పదహారో ఏట సార్డీన్ డబ్బాల కార్ఖానా
దాన్ని ఉంచేసుకుంది.
"ఉంగరపు వేలు వంకరగా పెట్టి నొక్కుతాలే" అనేది.
హెర్రింగ్ లెక్కలు మాత్రం
ఎప్పుడూ పక్క వరుసలో పడేవి.

ఐలీఫ్ ఏమీ అనలేదు.
భోజనాల వేళ ఆమె కుర్చీలో కూర్చుని
ఎడిటర్ ఆరంభ ఫైలు తెరిచాడు.
రెండుని మూడు చేశాడు, మూడుని రెండు.
బ్రాకెట్ ఒకటి తక్కువై
తెర కాసేపు అలిగింది.

వాళ్ళిద్దరూ రిటైరయ్యారు.
నిన్న ఆ యంత్రాన్ని తీసేయమన్నారు నన్ను.
తీసేముందు ఏదో అతికించబోతే
మధ్య మీట మాట వినలేదు.
పాడైందనుకున్నాను.
ఫైలు తెరిస్తే, రెండు సెమికోలన్ల వెనక,
యంత్రం చదవని చోట:
"ఇది తప్పు కాదు. సరిచేయకండి."

బయట వాన ఆగలేదు.
మధ్యవేలు మడుచుకుని
కుడి మీట నొక్కాను.