ఆరు గంటల తేడా

జిమ్మాలో, ఆడపిల్లల హాస్టల్ మూడో అంతస్తు.
గోడ గడియారం రాత్రి ఆరంటుంది,
ఫోను పన్నెండంటుంది.
మా దేశం పూటను పొద్దు నుంచి లెక్కపెడుతుంది మరి.
ఆ రెంటి నడుమ ఎక్కడో
నా నిద్ర జారిపడింది. వెతకలేదు.

చౌక డేటా అప్పుడే తెరుచుకుంటుంది,
చిల్లర బిర్లకి, తెల్లారేదాకా.
కొన్నాక వాడకపోతే దండగ కదా అని
ఎవరివో పెళ్ళిళ్ళు, ఎవరి ఇంటివో వంటలు,
నేనెన్నడూ కొనని చెప్పుల మీద
మూడొందల మంది అభిప్రాయాలు.

కంచె అవతల హైనా కూస్తోంది.
దానికి ఆకలి, పాపం.
నాకేమిటో.

పై మంచం మీంచి బొంతూ మెసేజ్:
"పడుకున్నావా?"
చెయ్యి చాస్తే తగిలేంత దూరం.
"ఆ, ఎప్పుడో" అన్నాను.
పగలబడి నవ్వే బొమ్మలు పది పంపుకున్నాం.
మంచం మాత్రం కదల్లేదు.

పొద్దున రెండింటికి,
ఫోను లెక్కలో ఎనిమిదింటికి,
శరీరధర్మశాస్త్రం.
మోచేత్తో పొడిచి లేపింది బొంతూ,
"ఇవాళ పాఠం నిద్ర గురించే" అని,
తనూ ఆవలిస్తూ.

చూసుకుంటే, నా కలం గీత
మెదడు బొమ్మలోంచి బయల్దేరి
కాగితం దాటి
బల్ల మీద చాలా దూరం వెళ్ళిపోయింది.