ఏలిముద్ర

టికెట్టు దమ్మాం నుంచయితే చవకంట.
పద్దెనిమిది దినార్లు తేడా.
అందుకని కువైట్‌లో పన్జేసినోణ్ణి
పొరుగుదేశం తోవన ఇంటికి తోలింది కంపెనీ,
రాత్రి పదకొండింటికి,
ఏడుగురు కూకునే బండిలో తొమ్మండుగురిని కుక్కి.

సరిహద్దంటే నాను పెద్దగా ఏటో అనుకున్నాను.
ఓ రేకుల షెడ్డు. నాలుగు కిటికీలు.
ట్యూబులైటు సుట్టూ పురుగులు.
ఇసక ఇటెలాగుందో అటూ అలాగే ఉంది.
గాలికి ఇటుది అటు, అటుది ఇటు ఎగిరిపోతంది,
దాన్ని బండి దించి వరసలో నిలబెట్టినోడు లేడు.

నా వంతొచ్చింది.
కిటికీలో కుర్రాడు గాజుపలక సూపించాడు.
ఎట్టాను.
తుడుసుకుని ఎట్టమన్నాడు. చొక్కాకి తుడుసుకుని ఎట్టాను.
బొటనేలు. ఎడమది. మళ్ళీ కుడిది.
ప్రతిసారీ ఎర్రలైటు, ఓ కూత.

మా యాసలో ఏళ్ళన్నా ఏళ్ళే,
సేతివైనా, బతుకువైనా.
పదకొండేళ్ళు వెల్డింగు రాడ్డు పట్టి
రెండూ ఎప్పుడరిగాయో సూసుకోనేదు.
ఒకళ్ళ పైపుకి ఇంకొకళ్ళ పైపు అతికీ అతికీ
నా ఏళ్ళే నున్నగా అతుక్కుపోయాయి.

పేరుంది పాస్‌పోర్టులో, మడ్డు దండాసి.
ఫొటో ఉంది. మనిషున్నాడు ఎదర.
గీతల్లేవు.
పక్కన కూకోమన్నాడు.

ఆ ఇనపబల్ల మీద నువ్వు గుర్తొచ్చావు జమునా.
రేషను డీలరు గున్నయ్య ముందర
సంచీ సంకనెట్టుకుని నువ్వు నిలబడ్డ రోజు.
కాశీబుగ్గలో జీడిపిక్క కొట్టి కొట్టి
ఆ సొన తినేసిన ఏళ్ళు
మిషన్ మీద ఎట్టి, తీసి, నోటితో ఊది,
కొంగుతో రుద్ది, మళ్ళీ ఎట్టి...
"రేపు రామ్మా, సర్వరు లేనట్టుంది" అన్నాడంట గున్నయ్య.
సర్వరుంది.
నీ ఎనకున్న పైడమ్మ బియ్యం తూయించుకునే ఎల్లింది.
ఇదంతా నువ్వు ఫోన్లో నవ్వతా సెప్పావు.
నానూ నవ్వేసాను, డ్యూటీ టైమైందని పెట్టేసాను.

తెల్లారగట్ల మూడింటికి ఓ పెద్దాయనొచ్చాడు.
నా మొహం సూణ్ణేదు, సేతులు తిప్పి సూసాడు.
అరసేతిలో కాలిన మచ్చ మీద తన ఏలు ఆన్చి
"హద్దాద్?" అన్నాడు.
కమ్మరోడివా అని.
అవునన్నాను.
ఆయన తాతేవడైనా కొలిమి ఊదినోడేమో,
స్టాంపు గట్టిగా గుద్దాడు.

దమ్మాం, బొంబాయి, భువనేశ్వర్.
మబ్బుల్లో ఎన్ని గీతలు దాటేమో ఎవడూ ఏలడగనేదు.
బరంపురం దాటి బస్సులో కునుకు పట్టింది.
గిరిసోల కాడ కళ్ళు తెరిస్తే
అప్పటిదాకా ఒడియాలో కసురుతున్న కండక్టరు
పురుషోత్తపురం బోర్డు రాగానే తెలుగులోకి దిగిపోయాడు,
తిట్టు మాత్రం అదే.
మోటారుసైకిళ్ళు ఇటునుంచి అటెల్లి
రెండ్రూపాయలు తక్కువకి పెట్రోలు పోయించుకుని
మన దేశమంతా మనదే అన్నట్టు తిరిగొస్తన్నాయి.
సరిహద్దంటే ఇలాగుండాల,
పక్కింటి గోడలా, మీద బట్టలారేసుకునీలా.

హరిపురంలో దిగీసరికి దీపాలెట్టేసారు.
నీలం డబ్బా క్రీము నీ సేతిలో ఎట్టాను.
మూత తీసి వాసన సూసి
"ఏళ్ళకి రాస్తే గీతలు మొలుస్తాయేటి" అన్నావు.
ఆ రాత్రి నాకు ఏడుపు రానేదు, ఆకలేసింది.

పొద్దున్న ఇద్దరం ఎల్లాం గున్నయ్య కాడికి.
నువ్వెట్టావు. కూసింది.
నానెట్టాను. కూసింది.
రెండు దేశాలూ రెండు రాష్ట్రాలూ దాటొచ్చినోణ్ణి
ఆ సెక్కబల్లకి ఇవతలే నిలబడ్డాను.
అవతల బియ్యం బస్తా, మూరెడు దూరంలో,
మూతి ఇప్పి ఉంది.

"సర్వరు..." అనబోయి
నా సేతులకేసి సూసి
గున్నయ్య ఆగిపోయాడు.