మాట అందించినవాడు

ఆమె ముఖం సంగతి పత్రికలవాళ్లనడగండి.
నాకు తెలిసింది పాదాలు.

ఇలోయిలో నగరంలో మా నాటకశాల,
వేదిక అంచున తాబేటి డిప్పలాంటి చెక్కగూడు,
అందులో నడుందాకా మునిగి నేను.
ఒళ్లో రాతప్రతి, మోచేతి పక్కన కిరసనాయిలు బుడ్డి.
ఇరవై రెండేళ్లు ఆమెకి మాట అందించాను.
జనం ఆమెని విన్నారు.
ఆమె నన్ను వింది.

కుడికాలి బొటనవేలు లోపలికి ముడుచుకుందంటే
తర్వాతి చరణం జారిపోయిందన్నమాట.
మొదటి రెండక్షరాలు అందిస్తే చాలు,
మిగతా పాటంతా గిలక మీద చేదతాడులా
తనే లాక్కునేది.

తాకియా ఫామతిగా. మియాగావ్ పిల్ల.
వాళ్లమ్మ మగ్గం నేసేది.
నాడె అటు వెళ్లేలోపు ఊపిరి పీల్చడం,
ఇటు వచ్చేలోపు వదలడం,
అంతకుమించి గురువు లేడు.
"మరి పోగు తెగితే?" అనడిగానొకసారి.
"ముడి కనపడకుండా వేస్తాం.
నువ్వు చేసేదీ అదేగా, బెర్యో."

ఆంతికేలో తుపాను మా డేరా ఎత్తుకుపోయింది.
చర్చి వసారాలో ఆడాం.
పదకొండుమంది జనం, రెండు మేకలు.
టిక్కెట్టుకి బదులు ఎండుచేపలిచ్చారు.
రెండో అంకంలో పాట రెండుసార్లు పాడింది,
ఒకటి మేకల కోసమట.
ఆ రాత్రి ఆ గొంతు విన్నవాళ్లలో
ఇవాళ మిగిలింది నేనొక్కణ్ణే.
మేకల సంగతి చెప్పక్కర్లేదు.

తర్వాత ఓడ, మనీలా, సినిమా కంపెనీ.
పేరు మార్చి స్టెల్లా మోంతే అన్నారు.
'ఎ' అనాల్సిన చోట 'ఇ' అంటోందని,
యాసలో చేపల బుట్ట వాసనొస్తోందని,
ముఖం ఉంచుకుని గొంతు తీసేశారు.
ఏడు సినిమాలు.
మా ఊరి టాకీసులో బెంచీ మీద కూర్చుని చూశాను:
పెదవులు తాకియావి, పాట ఎవరో పిల్లది.
అరువు నగ పెట్టుకుని పెళ్లికెళ్లినట్టు
మెడ కాస్త బిగబట్టి నిలబడింది.
కెమెరా ఒక్కసారీ పాదాల దాకా దిగలేదు.
దిగితే నాకు తెలిసేది.

ఎనిమిదోదాంట్లో మూగదాని వేషం.
ఉప్పుమడుల కూలీ పెళ్లాం, సినిమా అంతా ఒక్క మాట లేదు.
దానికే ఇచ్చారు బహుమతి!
ఇత్తడి బొమ్మ,
నోరు తెరిచి పాడుతున్న స్త్రీ.
మైకు ముందు థాంక్స్ చెప్పలేదు తాకియా.
మా భాషలో జోలపాట ఎత్తుకుంది.
మూడో పంక్తిలో రేడియోవాళ్లు
సబ్బు ప్రకటన వేశారు.

నేను మాత్రం బుడ్డి దీపం ముందు
నాలుగో పంక్తి గొణుక్కున్నాను.

నిరుడు నగరం ఆమెకి సన్మానం చేసింది.
ఎనభై ఒకటి. శాలువా, ఫలకం, మేయరు.
చెక్కగూడు ఎప్పుడో పీకేశారు గనక
నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు,
పెద్దమనిషిలాగా.
పాట సగంలో ఆగింది.
చెప్పుల్లోంచి చూశాను,
బొటనవేలు ముడుచుకుంది.

నాకూ గుర్తు రాలేదు.

ఏం చెయ్యను? ఊరికే పెదవులు కదిపాను,
ఆ ఏడు సినిమాల్లో ఆమె కదిపినట్టు.
అందినట్టే తలూపింది. పాడింది.
ఆ పంక్తి నేనెప్పుడూ వినలేదు.
తెగిన పోగుని చీకట్లో వేళ్లతో తడుముకుంటూ
నేసేదాని గురించి ఏదో.
ముడి ఎవరికీ కనపడలేదు.

మర్నాడు కాఫీ తాగుతూ అంది:
"సమయానికి అందించావు. ఎక్కడిదోయ్ ఆ మాట?"

"పాత ప్రతిలోదే" అన్నాను.
దాన్ని చెదలు తిని పదేళ్లయింది.