నాలుగో మీటు

సన్యాసమ్మ అన్న పేరుని
సగానికి కోసి
సన్యా అని పోస్టరు వేశారు.
మిగిలిన "సమ్మ" ఎవరికీ అక్కర్లేకపోయింది.
నా దగ్గరే ఉండిపోయింది,
జముకు పెట్టుకునే సంచిలో.

నాకు తెలిసిన పిల్ల
తగరపువలస సంతలో
ఎండుచేపల బుట్టల మధ్య నిలబడి
మైకు లేకుండా అవతలి రోడ్డు దాకా పాడేది.
గొంతులో కాస్త గరుకు,
ఇసకలో పడి లేచిన కొబ్బరిముక్కలాగ.
అమ్మవారి పండక్కి రాత్రంతా కథ చెబితే
ఇద్దరికీ కలిపి రెండొందలు, ఒక కోడి.
కోడిని నాకే ఇచ్చేసేది.
"నాకొద్దు సిన్నాన్నా, గొంతుకి పడదు."
అబద్ధం. మా ఇంటికొచ్చి తినేది.

తరవాత ద్వారకానగర్లో
మూడో అంతస్తు, అద్దాల గది.
చెవులకి డొప్పలు పెట్టుకున్న కుర్రాడొకడు
"అంకుల్, ఏదైనా వాయించండి" అన్నాడు.
ఏదైనా ఎలా వాయిస్తారు?
పాట ఎటు పోతుందో తెలీకుండా
వేలు ఎటు పోతుంది?
అయినా వాయించాను, పావుగంట.
అందులోంచి నాలుగు సెకన్లు ఏరుకున్నారు
పుచ్చులు తీసేసి వంకాయలు ఏరినట్టు.
ఎనిమిది వందలు. ఆటోకి వేరేగా వంద.

ఆ నాలుగు సెకన్లే ఇప్పుడు ఊరంతా.
గాజువాక ఆటోల్లో,
జగదాంబ దగ్గర చెప్పుల షాపుల్లో,
కంచరపాలెం పెళ్లి ఊరేగింపులో.
చుట్టూ గిటార్లు, డ్రమ్ములు,
నీళ్లలా మెరిసే చప్పుడేదో,
మధ్యలో నేను,
తిరిగి తిరిగి నేనే.

నాలుగో మీటుకి తంతి జారింది ఆ రోజు.
ఏసీ గదిలోనూ చెమట.
ఆ తప్పు మీదే జనం చప్పట్లు,
ఆ తప్పు మీదే పిల్లలు నడుం తిప్పడం.
ముప్పయ్యేళ్లు సరిగ్గా మీటినవన్నీ
ఏ తెల్లారికి ఆ తెల్లారి
గాల్లో కలిసిపోయాయి.

అమ్మోరి పాటని అంగట్లో పెట్టిందంటారు
మా వీధి ముసలోళ్లు.
యాస కొంచెం తగ్గాలన్నాడు
హైదరాబాదు నించి వచ్చిన జడ్జి.
రెండు పడవల సామెత నాకూ చెప్పారు.
జాలారిపేటలో అడగండి,
అలల్లో పడవెక్కేవాడికి
ఒక కాలు నీళ్లలో, ఒక కాలు చెక్క మీద
ఉండకుండా కుదురుతుందేమో.

నిన్న బీచిరోడ్డులో ఆమె పాట.
నా పాసు పనిచెయ్యలేదు.
బారికేడు ఇవతల, మొక్కజొన్న పొగలో నిలబడ్డాను.
మెరుపుల గౌను, దూరంగా, అగ్గిపుల్లంత.
గొంతులో గరుకంతా తుడిచేశారు, నున్నగా ఉంది.
కానీ నాలుగో మీటు వచ్చిన ప్రతిసారీ
ఆమె ఒక పిసరు ఆగుతోంది,
ఊపిరి తీసి
నా తంతి జారిన చోట కాలు వెయ్యకుండా
దాటుతోంది.

సంతలో నేను నిద్రకి తూలినప్పుడు
ఇలాగే కాసేది.

ఇంకో పాట ఉందన్నారు.
ఆఖరి సింహాచలం బస్సు పోతుందని
వచ్చేశాను.