వీసమెత్తు

అస్మరాలో గాలి పలచన.
కొండ మీద ఇంజనుకి పెట్రోలు కాస్త బిగపట్టి పొయ్యాలి.
అదే కొలతతో మస్సావా రేవుకి దిగితే
దాహంతో వేడెక్కి మొరాయిస్తుంది.
అందుకని మా మేస్త్రి తెకెస్తె అగ్గిపెట్టెలో రెండు జెట్లుండేవి:
కొండదొకటి, సముద్రానిదొకటి.
రెంటికీ తేడా నా కంటికి ఆనేది కాదు.
ఆయన పెదవికి ఆనించి ఊది చెప్పేవాడు,
ఇది ఉప్పునీటిది, అని.

హబ్తేజియోన్ ఫియట్ తెచ్చాడు, పదకొండు వందల మోడలు,
అతని కంటే రెండేళ్లు పెద్దది.
నిలబెడితే కారుతోంది, నడిపితే దగ్గుతోంది.
వెనక సీట్లోంచి మేనల్లుడు నెగాసి:
"దుబాయి నుంచి కొత్త కార్బురేటరు వస్తుంది,
కరెంటు పంపు కూడా. ఈ తుక్కుతో ఎన్నాళ్లు?"
గురువారం రమ్మన్నాను.

మూత విప్పి ఇత్తడి ఫ్లోటు తీశాను.
చెవి దగ్గర ఊపితే లోపల చిన్న గలగల,
తేలాల్సింది తాగేసిన చప్పుడు.
జెబెనాలో కాఫీకని కాగిన నీళ్లు
గిన్నెలోకి ఒంపి ముంచాను.
ఒక బుడగ.
చాలాసేపటికి ఇంకొకటి.

దీనికి ముందే మూడు టంకాలున్నాయి.
ఒకటి టూరిన్‌లో పుట్టినప్పటిది, బొడ్డులా.
ఒకటి యుద్ధపు రోజుల్లో ఎవరో కంగారుగా మెత్తింది.
మూడోది ఆవగింజంత. మేస్త్రిది. ఆ నునుపు నాకు తెలుసు.
సరిగ్గా దాని అంచునే కొత్త కంత.

నాలుగో చుక్క పెట్టొచ్చు. కానీ బరువు.
ఫ్లోటు బరువెక్కితే సూది ఆలస్యంగా మూసుకుంటుంది,
గిన్నె పొర్లుతుంది, ప్లగ్గులు మసిబారతాయి.
తొమ్మిది గ్రాములు దాటకూడదని
ఆయన నోటుపుస్తకంలో రాసి, కింద రెండు గీతలు.
వెండి కొట్టు బెరెకెత్ త్రాసులో
ముల్లు ఇప్పటికే తొమ్మిదిని ఆనుకుని ఉంది.

కాఫీ కాచుకోవడం మరిచాను.
పెట్రోలు వాసన పూర్తిగా పోయేదాకా ఆరబెట్టి,
రాగి మొన వేడి చేసి
మేస్త్రి చుక్కనే తాకాను.
అది కాసేపు తెలియనట్టు ఊరుకుంది,
తర్వాత ఒక్కసారిగా వెలిగి జారింది.
దాన్నే పలచగా లాగి
రెండు కంతల మీదా పరిచాను.
ఆయన చేతి గుర్తు పోయింది.
ముల్లు వీసమెత్తు కదల్లేదు.

గురువారం. కారు దగ్గలేదు.
సముద్రపు జెట్టు అగ్గిపెట్టెలో పెట్టి
హబ్తేజియోన్ చేతికిచ్చాను, రేపు రేవుకి పోతాడట.
నెగాసి చీటీ అటూ ఇటూ తిప్పి చూశాడు.
"కొత్తగా ఏం వేశావని ఇన్ని నక్ఫాలు?"
"ఏమీ వెయ్యలేదు.
దానికే."