కొసరు

వంటకి బియ్యం కొలిచినప్పుడల్లా
ఒక గుప్పెడు తీసి డాల్డా డబ్బాలో వెయ్యమని
మా అత్త దీనమ్మ నేర్పింది.
అది దేవుడి వాటా.
ఆదివారం పొద్దున గుడ్డసంచిలో పోసుకుని పోయి
గుళ్ళో గోతాంలో గుమ్మరించి వచ్చేదాన్ని.
ఇరవై రెండేళ్ళు.
నేను పోకపోయినా, నా చెయ్యి దానంతటదే పోయేది.

నిజం చెప్పొద్దూ,
సన్నబియ్యం వండిన రోజు కూడా
డబ్బాలోకి కోటా బియ్యమే.
ఒక కరువేడు నూకలు కూడా కలిపాను.
దేవుడేమన్నా ఏరుకుని తింటాడా అనుకున్నాను.

మాది కనిగిరికి అవతల,
పామూరు రోడ్డు దిగి ఇంకా లోపలికి.
బోరు నీళ్ళు తాగితే పళ్ళకి గార,
మోకాళ్ళకి బిగుసు.
మా ఆయన జక్రయ్య నలభై ఏడేళ్ళకే
దూలానికి కట్టిన తాడు పట్టుకుని
మంచం మీద నించి లేస్తాడు.
వెలిగొండ నీళ్ళు వస్తాయని
మా మామ బతికుండగా మొదలుపెట్టారు చెప్పడం.
అందాకా మూడు రోజులకోసారి ట్యాంకరు.

రెండు గేదెలుండాయి నాకు.
పదకొండిళ్ళకి పాలు పోస్తాను.
ఇంకో నిజం:
తాగడానికి నీళ్ళు లేని ఊళ్ళో
పాలల్లో కలపడానికి మటుకు
నాకు ఏ రోజూ నీళ్ళు తక్కువ కాలేదు.

డిసెంబరు ఆఖరి రాత్రి, కృతజ్ఞత కూడిక.
ఏలియా కొడుక్కి కరెంటాఫీసులో ఉద్యోగం,
సువార్తమ్మకి స్లాబు ఇల్లు,
ఒకరెనక ఒకరు లేచి సాక్ష్యం చెప్తున్నారు.
అయ్యగారు నా వంక చూశాడు.
లేచాను. కొంగు సర్దుకున్నాను.
"ఈ ఏడు మాకేం జరగలేదయ్యా"
అని కూర్చున్నాను.
వెనక ఎవరో నవ్వారు.

ఎండలు ముదిరాక ట్యాంకరు ఆగిపోయింది.
బిల్లులు రాలేదంట.
ఆరు రోజులు.
ఏడోనాడు కోడి కూసేయాళ తలుపు తీస్తే
గడప పక్కన రెండు బిందెలు,
మూతులకి తడిగుడ్డ కట్టి.
నొక్కు చూసి గుర్తుపట్టాను. ఖాశింబీవి.
పోయినేడు ట్యాంకరు కాడ
జుట్లు పట్టుకున్నప్పుడు నేను పెట్టిన నొక్కే అది.
దొంగదానా అన్నాను ఆమెని,
ఆమె మనవరాలు వింటా ఉండగా.

మా ఆయన గ్లాసుడు తాగి
"తియ్యగుండయే" అన్నాడు.
స్తోత్రం అందామని నోరు తెరిచాను.
ఇరవై రెండేళ్ళు చిల్లర విసిరినట్టు విసిరిన మాట
ఆ పొద్దు గొంతులో అడ్డం పడింది.

పాలు పితికి, అలవాటున
చెంబు బిందెలో ముంచబోయి ఆగాను.
ఆ నీళ్ళు పాలల్లో పొయ్యడానికి చెయ్యి రాలేదు.
ఆ రోజు పదకొండిళ్ళకీ ఉత్త పాలే.
హోటలు మాలకొండయ్య మీగడ చూసి
"ఏందమ్మా, గేదెని మార్చావా?" అన్నాడు.
నేనే మారాను అని నాలిక చివరిదాకా వచ్చింది.
మింగేశాను.
ఒక్క పూటకే అంత మాట దేనికి.

మింగడమే మంచిదయింది.
దాణా రేటు పెరిగిన వారం
మళ్ళీ రెండుసార్లు కలిపాను.
కలిపిన రాత్రి ప్రార్థనకి మోకరిస్తే
మోకాళ్ళు జక్రయ్యవయ్యాయి.

బిందెలు తోమి తీసుకుపోయి ఇచ్చాను.
నేనేం అనలేదు, ఆమేం అనలేదు.
ఆ నొక్కు మీద బొటనవేలు పెట్టి
ఒకసారి రుద్దింది, అంతే.
పక్క వారం నించీ అర లీటరు పొయ్యమంది.
కొలిచి పోసి, ఇంకాస్త వంచుతాను.
"ఇదేంది?" అంటది.
"కొసరు" అంటాను.

ఇంటికొస్తా లెక్క చూసుకుంటాను.
నేను డబ్బు పెట్టి కొన్నవి గేదెలు రెండే.
అవి చూలు కట్టడం కొసరు.
తాడు పట్టుకునైనా లేచే మనిషి కొసరు.
తెల్లారడం కూడా, అడగకుండానే
ఎవరో నా గిన్నెలోకి వంచినట్టుంటది.

సాయంత్రం ఎసరు పెట్టి
చేట తీసుకుని గుమ్మంలో కూర్చుంటున్నాను ఇప్పుడు.
చూపు సరిగా ఆనదు, అయినా
డబ్బాలోకి పొయ్యే ఆ గుప్పెడు బియ్యంలో
ఒక్కో రాయీ ఏరి పారేస్తున్నాను.
ఆయన ఏరుకోవాల్సిన పని లేకుండా.